పల్లిచెక్క కబాబు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల నేనూ, ఎవరికో భోజనం పార్శిలు తెచ్చిన ఒకాయనా ఉన్నాం. కరెంటు పోయింది, జనరేటరు ఎందుకో అందుకోలేదు. ఆయన ఫోను లైటు వేసి, "పరేషాన్ కాకుండ్రి మేడమ్, ఐదు నిమిషాల్ల ఒస్తది" అన్నాడు. ఐదు కాస్తా పాతిక నిమిషాలయ్యింది. మూసిన తలుపు వెనక కూర్చోవడం నాకు చిన్నప్పటినుంచీ పడదు. వీపంతా చెమటలు పట్టి, ఊపిరి గట్టిగా పీల్చాను. అప్పుడు తెలిసింది వాసన. బొగ్గుల మీద కాలిన మాంసం, మాడీ మాడని వేరుశనగ, శొంఠి, ఎండుమిరప. వీటన్నిటి అడుగున పచ్చి ఉల్లిపాయ.

"ఆ పార్శిల్లో ఏముంది?" అని అడిగాను.

"సుయా అంట మేడమ్. నైజీరియా కబాబు. ఈడ చదువుకునే పిల్లలు చేసి అమ్ముతుండ్రు. ఐదో అంతస్తులోళ్లు మంగాయించిన్రు."

లిఫ్టు కదిలింది. ఆయన పైకి పోయాడు, నేను నా ఫ్లాటుకి వచ్చి కుర్చీలో కూలబడ్డాను. మంచినీళ్లు తెచ్చి ఇచ్చిన మా అమ్మాయి, "భయపడ్డావా అమ్మా?" అంది. అవునన్నాను. ఆ వాసన నాకెలా తెలుసో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మా నాన్న లెక్కల మాస్టారు. నాకు నాలుగేళ్లప్పుడు నైజీరియా ఉత్తరాన ఒక చిన్న ఊళ్లో, సర్కారు బడిలో ఉద్యోగం వచ్చి, అమ్మనీ నన్నూ తీసుకుని గుంటూరు నుంచి అక్కడికి వెళ్లాడు. ఎర్రమట్టి గోడలు, ముళ్లచెట్లు. చలికాలం వస్తే ఎడారి నుంచి దుమ్ముగాలి కొట్టి పెదాలు పగిలి నెత్తురొచ్చేది. బడి గేటుకి ఎదురుగా సాయంత్రాలు ఒక ముసలాయన మాంసం కాల్చేవాడు. మట్టిని గుండ్రంగా దిబ్బలా కట్టి, మధ్యలో నిప్పులు పోసి, పలచగా కోసిన ముక్కలు గుచ్చిన పుల్లల్ని నిప్పు చుట్టూ నిలబెట్టేవాడు. చలి కాచుకుంటున్న జనంలా ఉండేవి అవి. ముక్కలకు పట్టించే పొడిలోనే ఉంది అంతా. నూనె తీసేసిన వేరుశనగ చెక్కను దంచి, అందులో శొంఠి, మిరప, లవంగం, ఉప్పు కలిపేవాడు. కాలిన ముక్కల్ని పాత న్యూస్‌పేపర్లో పోసి, పైన ఉల్లిపాయ చక్రాలు వేసి, ఇంకాస్త పొడి చల్లి పొట్లం కట్టేవాడు.

అక్కడ పంతులుగారిని 'మాలం' అంటారు. "రా మాలం, కూర్చో" అని ఆయన బల్ల జరిపితే, నాన్న దాని మీద కూర్చుని పిల్లల నోటుపుస్తకాలు దిద్దేవాడు. దిద్దుతూనే ఒక కంటితో ఆ చేతుల్ని చూసేవాడు. ఇంటికొచ్చే దారిలో నాన్నా నేనూ సగం పొట్లం ఖాళీ చేసేసి, మిగతా సగం అమ్మకు ఇచ్చేవాళ్లం. అది పొట్టేలు మాంసమేనని నాన్న చెప్పాడు. అమ్మ ఒకసారి అడిగింది, ఇంక మళ్లీ అడగలేదు.

నాకు పన్నెండు నిండేసరికి ఆ దేశానికి చెడ్డరోజులొచ్చాయి. బయటి దేశాల పంతుళ్లను పంపేశారు. మేం వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాం. అమ్మ అన్నయ్య, మా మామయ్య, అక్కడ బ్యాంకు ఆఫీసరు. మెయిన్ రోడ్డుకి నాలుగు సందుల వెనక ఒక పాత పెంకుటింట్లో ముందు మూడు గదులు ఆయన కిరాయికి తీసుకున్నాడు. ఇంటి యజమానురాలు ఆ ఊరి పాత కాపుల ఇంటి ముసలావిడ. అందరూ ఆమెను అవ్వ అనేవాళ్లు. పెరట్లో అవ్వవి మూడు బర్రెలుండేవి. ఆ కొట్టానికీ మామయ్య వంటింటికీ మధ్య రేకుల కప్పుతో ఒక గది. అది మాకిచ్చారు. వెనక ఇంకా ద్రాక్షతోటలున్నాయి. నెలకో తోట చొప్పున ప్లాట్లయిపోతున్న రోజులవి.

మామయ్య చెడ్డవాడు కాదు. స్టేషనుకి వచ్చి మా పెట్టెలు తనే మోశాడు. బియ్యం, పప్పు, కిరసనాయిలు తనే కొనిచ్చేవాడు. కానీ మా బావగారు ఫారిన్‌లో పెద్ద హోదాలో ఉన్నారని బ్యాంకులో అందరికీ ఎన్నో ఏళ్లుగా చెప్పుకున్నాడు. మేం దిగిన మూడో రోజున వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, చొక్కా గుండీ తిప్పుకుంటూ అన్నాడు.

"బావగారూ, ఎవరన్నా అడిగితే సెలవు మీద వచ్చామని చెప్పండి. రెండు నెలల్లో ఏదో ఒకటి దొరక్కపోదు."

"అలాగే" అన్నాడు నాన్న.

రెండు నెలలు అయిపోయాయి. ఏ సెలవైనా ఎన్నాళ్లని చెబుతాం? మేం తిరిగి వెళ్లిపోయామని మామయ్య అందరికీ చెప్పేశాడు. అప్పటినుంచి ముందు గదుల్లోకి ఎవరైనా వస్తే మేం కనబడకూడదు. మామయ్య ఇంటికి వచ్చిపోయే జనం ఎక్కువ. ఎవరైనా గేటు తీస్తే అత్తయ్య మా గదికీ వాళ్ల వంటింటికీ మధ్య ఉన్న తలుపు మీద వేళ్లతో రెండుసార్లు కొట్టేది. వెంటనే అమ్మ పంపుస్టవ్వు ఆర్పేసేది, దాని చప్పుడు వినబడుతుందని. సగం ఉడికిన బియ్యం అలాగే మూతకింద ఉండిపోయేది. నాన్న పుస్తకం తెరిచి పట్టుకుని, పేజీ తిప్పకుండా కూర్చునేవాడు. నేను తుమ్ము వస్తే దిండు కొరికేదాన్ని. మధ్యాహ్నం ఎండకు రేకులు టపటపమనేవి. వాళ్లు వెళ్లేదాకా నేను రేకు మడతలు లెక్కబెట్టేదాన్ని. అటునుంచి ముప్పై నాలుగు, ఇటునుంచి ముప్పై మూడు వచ్చేవి. ఎక్కడ తప్పుతున్నానో ఎప్పటికీ తెలియలేదు.

బళ్లో సగం సంవత్సరం అయిపోయింది, జూన్‌లో రమ్మన్నారు. నా తెలుగు వింటే మామయ్య పిల్లలు నవ్వేవాళ్లు. నాన్న ట్యుటోరియల్ కాలేజీలన్నీ తిరిగాడు. ఒకచోట వయసు మించిందన్నారు, ఒకచోట ఇక్కడి సిలబస్ వేరన్నారు. తిరిగి తిరిగి మానేశాడు. రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా ఇన్‌షర్ట్ చేసి, ఆ గదిలోనే మంచం మీద కూర్చునేవాడు.

గదికి ఒక చిన్న కిటికీ ఉండేది. దానికి ఊచలు లేవు. అమ్మ పడుకున్నప్పుడు అందులోంచి దూకి బర్రెల కొట్టంలో తేలేదాన్ని. అవ్వ నన్ను చూసి బోసినోటితో నవ్వేది. "దొంగపోరి ఒచ్చింది" అనేది. నాకు పాలు పితకడం నేర్పింది ఆమే. తెలుగు కూడా ఆమే నేర్పింది. నేను అమ్మతో ఏదో అడుగుతూ "గిదేంది?" అన్నందుకు అమ్మ దగ్గర ఒక మొట్టికాయ కూడా తిన్నాను.

ఒక పొద్దున అవ్వ బర్రెల కుడితిలో వేయడానికి పల్లిచెక్క పగలగొడుతోంది. నేను పక్కన ఉన్నాను. వెనకనుంచి ఎవరో వచ్చిన అలికిడైంది. నాన్న. కిటికీ దూకి వచ్చినట్టున్నాడు, మోకాలికి సున్నం అంటింది. వంగి ఒక పెచ్చు తీసుకున్నాడు, వాసన చూశాడు, నోట్లో వేసుకున్నాడు.

అవ్వ చేతిలో రాయి కింద పెట్టేసింది. "అయ్యో సారూ! గది బర్లకు పెట్టేది!"

"ఎక్కడినుంచి తెస్తారమ్మా ఇది?"

"మా తమ్మునికి గానుగ ఉన్నది, ఆడికెల్లి తెస్త. ఆకలైతుందా సారూ? బువ్వ పెట్టాల్నా?"

నాన్న నవ్వాడు. ఈ దేశం వచ్చాక ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. "ఆకలి కాదమ్మా. నాకు ఓ తాజా చెక్క కావాలి" అన్నాడు.

మామయ్య వాళ్లంతా పెళ్లికి వెళ్లిన ఒక ఆదివారం అవ్వ రోట్లో పొడి తయారైంది. అమ్మ గుమ్మంలో నిలబడి, "ఇప్పుడు మనకివన్నీ అవసరమా?" అంటూనే లవంగాలు అందించింది. పండ్ల మార్కెట్లో పారేసిన ద్రాక్షబుట్టల్ని విప్పి, వెదురు పుల్లలు చీల్చాం. దంచిన పొడి డబ్బాలో పోస్తుంటే నేను వేలు పెట్టి నాకి, ముక్కులోకి కారం ఎక్కి కొట్టమంతా పరిగెత్తాను. పెరట్లో మట్టి దిబ్బ కట్టి నాన్న నిప్పు పోశాడు. పుల్లలు నిలబెట్టి, ఆ ముసలాయన లాగే కోడి ఈకతో నూనె రాశాడు. మొదటి ముక్క అవ్వకు. పళ్లు లేవు కనుక చాలాసేపు నమిలింది.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు నాన్న.

"ఆగు, ఇంకా నోట్లనే ఉన్నది." మింగి, వేళ్లు నాక్కుని అప్పుడు చెప్పింది. "గీ అక్కల్, గీ తెలివి ఎవనిది సారూ? బర్రె కడుపులకు పొయ్యేదాన్ని మన్షి నాలిక మీదికి తెచ్చిండు!"

నాన్నను రోడ్డు మీదికి తెచ్చింది అవ్వే. ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర ఆమెకు రోడ్డు పక్కన కొంత జాగా ఉండేది, దాని వెనకాలే ఒక ఒంటిగది. నల్గొండ, సూర్యాపేట వైపు పోయే బస్సులన్నీ అక్కడ ఆగేవి. "ఆడ పెట్టుకో సారూ. నా జాగల నిన్ను అడిగెటోడు ఎవడు?" అంది.

అమ్మ ఒప్పుకోలేదు. "ఆడపిల్ల ఉన్న ఇల్లు మనది. రోడ్డు మీద నిలబడి మాంసం కాలుస్తారా?"

"ఈ గదిలో ఇంకో నెల కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది" అన్నాడు నాన్న, గొంతు పెంచకుండానే.

"అన్నయ్యకు తెలిస్తే?"

"ట్యూషన్ చెబుతున్నానని చెప్పు."

అలా ఒక అబద్ధం మీద ఇంకోటి పెట్టుకుని, నాన్న మధ్యాహ్నం మూడింటికి బయల్దేరి దీపాలు పెట్టేవేళకు తిరిగొచ్చేవాడు. పంపు దగ్గర సబ్బుతో మోచేతులదాకా రుద్దుకున్నాకే గదిలోకి వచ్చేవాడు. అయినా జుట్టులో పొగ ఉండేది. అమ్మా నేనూ మాత్రం ఆ గదిలోనే ఉండేవాళ్లం. నాన్న బయట ఉన్నాడనుకుంటే నాకు లోపల మరీ ఉక్కపోతగా ఉండేది. ఏడ్చి గీపెట్టి ఒక్కసారి వెంట వెళ్లాను.

నాన్న అక్కడ వేరే మనిషి. ఇస్త్రీ చొక్కా మోచేతుల పైకి మడిచి, పాలిష్ చేసిన బూట్లతో పొగలో నిలబడ్డాడు. అవ్వ నులకమంచం మీద కాపలాకి కూర్చుంది. బస్సు ఆగగానే జనం ఎగబడ్డారు. "లైన్లో రండి. తోయకండి. అందరికీ అందుతుంది" అన్నాడు, క్లాసులో అన్నట్టే. నిజంగానే వాళ్లు లైను కట్టారు! ఒక రైతు, "సారూ, జర పొడి ఎక్కువెయ్యి. మా ముసల్దానికి గూడ ఒక పొట్లం కట్టు" అన్నాడు. కండక్టరు విజిలేసి, "సారు కబాబు దొరకనోళ్లు రేపు తినుండ్రి, బండి పోతుంది!" అని అరిచాడు. నాన్న తల వెనక్కి వాల్చి నవ్వాడు. పొట్లాలు కిటికీల్లోంచి చేతులు మారాయి. బస్సు కదిలిపోయాక కూడా ఆ వాసన చౌరస్తాలో ఉంది.

ఆ తర్వాత పది రోజులకు, ఒక శనివారం. పొట్లాలన్నీ తొందరగా అయిపోయి నాన్న పెందలాడే వచ్చేశాడు. తల తుడుచుకుంటుండగా తలుపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. అమ్మ స్టవ్వు ఆర్పింది. మామయ్యతో కలిసి బ్యాంకువాళ్లు ఇద్దరు వచ్చారు. ఆ మధ్య తలుపు ఒంటిచెక్కది, అవతల గ్లాసు పెట్టినా వినబడేది. న్యూస్‌పేపర్ విప్పుతున్న చప్పుడైంది. ఆ తర్వాత తలుపు సందులోంచి వాసన వచ్చింది. నేను నాన్న వైపు చూశాను. ఆయన తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఎల్బీ నగర్ల కొత్తగ పెట్టిండు సార్. తిని చూడుండ్రి, పల్లీలతోటి చేస్తడంట" అన్నాడొకాయన.

కాసేపటికి మామయ్య గొంతు. "అబ్బ! ఏం రుచండీ! ఇంతకాలం ఎక్కడున్నాడు ఈయన?"

నాన్న పెదవులు కదిలాయి. అమ్మ కూడా, ఎంత వద్దనుకున్నా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామయ్య ఇంకో ముక్క, ఇంకో ముక్క అంటూ తింటున్నాడు. నాకు లోపల్నుంచి నవ్వు తన్నుకొస్తోంది.

ఇంతలో రెండో ఆయన అన్నాడు. "మనిషి బాగా చదువుకున్నవాడేనండీ. ఇంగ్లీషు దంచేస్తున్నాడు. పాపం, ఏ కర్మ కాలిందో, రోడ్డున పడ్డాడు."

"దేనికైనా రాసిపెట్టి ఉండాలి" అన్నాడు మామయ్య నములుతూ. "మా బావగారిని చూడండి, ఫారిన్‌లో ఎంత దర్జాగా ఉన్నారో."

నాన్న మంచం మీద కూర్చున్నాడు. పుస్తకం తీసి ఒళ్లో తెరిచి పెట్టుకున్నాడు. ఆ పుస్తకం తలకిందులుగా ఉంది.

నేను ఎప్పుడు లేచానో, గడియ ఎప్పుడు తీశానో తెలియదు. వంటిల్లు దాటి ముందుగదిలో ఉన్నాను. ముగ్గురూ నన్ను చూస్తున్నారు. "అది మా నాన్న చేసిందే మామయ్యా!" అన్నాను.

మామయ్య చేతిలో ముక్క అలాగే ఉండిపోయింది. నన్ను చూశాడు, వాళ్లను చూశాడు. "వెనక గదిలో కిరాయికుంటారు" అన్నాడు. "ఆ పిల్లకి అందర్నీ మామయ్యా అనడం అలవాటు."

నా భుజం మీద చెయ్యి పడింది. అమ్మ. చెంప పగలగొడుతుందనుకుని కళ్లు మూసుకున్నాను. అమ్మ మామూలు గొంతుతో, పండగ పూట ఇంటికొచ్చిన చుట్టాల ముందు మాట్లాడినట్టు మాట్లాడింది.

"అన్నయ్యా, వదినతో చెప్పి వాళ్లకు ఇంకాస్త ఉల్లిపాయ పెట్టించు. ఇవాళ కారం ఎక్కువ పడిందట, మీ బావగారే అన్నారు."

అనేసి నన్ను తీసుకుని వెనక్కి వచ్చింది. మధ్య తలుపు వేయలేదు. నాన్న బయటికి రాలేదు. మేం వచ్చేసరికి కూడా అదే పుస్తకం చూస్తున్నాడు.

తెల్లారి మామయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నోటికి అదే వచ్చిందే చెల్లీ. నన్నేం చేయమంటావు?" అన్నాడు. "నీ తప్పేం లేదన్నయ్యా. మా మూలాన నీకే ఇరుకైపోయింది" అంది అమ్మ, బట్టలు మడతపెడుతూ. ఆ మధ్యాహ్నమే ఎల్బీ నగర్‌లో అవ్వ ఒంటిగదికి మారిపోయాం.

నాలుగు నెలలున్నాం అక్కడ. ఆ గది ఇంకా చిన్నది, కానీ దాని తలుపు పొద్దంతా తెరిచే ఉండేది. అమ్మ గడపలో కూర్చుని ఉల్లిపాయలు తరిగేది, వచ్చేపోయే బస్సుల పేర్లు నాచేత తెలుగులో చదివించేది.

తర్వాత మామయ్యే, తనకు తెలిసిన ఒకాయన దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్తగా కాలేజీ పెడుతుంటే, నాన్నకు లెక్చరర్ ఉద్యోగం మాట్లాడిపెట్టాడు. ఒకటే షరతు. కాలేజీ పిల్లల తల్లిదండ్రుల కంట పడకుండా ఆ నిప్పులదిబ్బ తీసేయాలి. నాన్న ఆ సాయంత్రమే తీసేశాడు.

"మంచిగ నడుస్తుంటె బంద్ జేస్తవా సారూ?" అని అవ్వ తిట్టింది.

"పిల్లల ముందు నిలబడాలి కదమ్మా" అన్నాడు నాన్న. మిగిలిన పొడి ఆమెకే ఇచ్చాడు. కుడితిలో కలిపితే బర్రెలు మూతి తిప్పుకున్నాయని తర్వాత చెప్పి నవ్వింది.

నాన్న పేరున్న లెక్కల సారయ్యాడు. ఆయన దగ్గర చదివినవాళ్లు ఇంజనీర్లయ్యారు. నాకు సంబంధం చూడడానికి వచ్చినప్పుడు, కాబోయే మామగారు మాటల మధ్య, "ఫారిన్ నుంచి వచ్చాక కాలేజీలో చేరేదాకా ఏం చేశారు?" అని అడిగారు. "సెలవులో ఉన్నాను" అన్నాడు నాన్న. పక్కనే ఉన్న మామయ్య తలూపాడు. అమ్మ కాఫీ గ్లాసులు సర్దింది. నేను తల వంచుకుని కూర్చున్నాను. పెళ్లయ్యాక ఎన్నోసార్లు మా వారికి చెప్పాలనుకున్నాను. చెబితే నాన్న అబద్ధమాడాడని తేలుతుంది. అలా ముప్పై ఏళ్లు పోయాయి. అవ్వ పోయింది, ఆమె జాగా రోడ్డు వెడల్పులో పోయింది. అటు వెళ్లినప్పుడల్లా మెట్రో స్తంభాల మధ్య అదెక్కడో గుర్తుపట్టాలని చూస్తాను. కుదరదు.

నాన్న చివరి రోజుల్లో దవాఖానలో ఉన్నాడు. అన్నం సయించేది కాదు. డాక్టరు ఏదడిగితే అది పెట్టమన్నాడు. నేను మంచం పక్కన కూర్చుని, "నాన్నా, ఏదన్నా తినాలనుందా?" అని అడిగాను. ఆయన కళ్లు తెరిచాడు. ఆ కళ్లలో ఏదో వచ్చింది, నోరు తెరిచాడు. అంతలో కిటికీ దగ్గర కుర్చీలో పేపరు చదువుకుంటున్న మా వారు కనబడ్డారు.

"ఇడ్లీ" అన్నాడు నాన్న.

ఏం చెప్పబోయాడో నాకు తెలుసు. మా వారిని కాఫీకి పంపించి మళ్లీ అడిగితే సరిపోయేది. నేను లేచి ఇడ్లీ తేవడానికి క్యాంటీనుకి వెళ్లాను.